శ్రీకాకుళం నుంచి సిహనూక్‌విల్ దాకా

2017 మే రెండో వారంలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని ఒక ఊపు ఊపింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో దాని బారిన పడ్డవి పోలీసు కంప్యూటర్లు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం జిల్లాలతో పాటు శ్రీకాకుళం పేరు కూడా ఆ జాబితాలో ఉంది. తెర మీద ఎర్రటి పెట్టె, లోపలి ఫైళ్లకు తాళం పడిందనీ, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితే తీస్తామనీ ఒక కబురు. దొంగను పట్టాల్సినవాళ్లకే దొంగ చీటీ పంపినట్టయింది.

వాన్నక్రై దూరిన కన్నం విండోస్‌లోది. దాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆ కన్నంలోంచి లోపలికి వెళ్లే సాధనాన్ని అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన గూఢచర్యం కోసం దాచుకుంది. ఏప్రిల్‌లో అది బయటికి పొక్కింది. దాడికి అడ్డుకట్ట వేసింది మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు. వైరస్ సోకిన ప్రతిచోటా ముందుగా ఒక వింత వెబ్ చిరునామా పనిచేస్తోందా లేదా అని చూసుకుంటోందని గమనించి, ఆ చిరునామాను తనే రిజిస్టర్ చేసేసరికి వ్యాప్తి ఆగింది. ఇదే కుర్రాడు అంతకు కొన్నేళ్ల ముందు బ్యాంకు వివరాలు దొంగిలించే మాల్‌వేర్ రాసిన సంగతి 2019లో అమెరికా కోర్టులో ఒప్పుకున్నాడు. హ్యాకర్ల లోకంలో రక్షించే చేతికీ దోచే చేతికీ మధ్య ఎడం చాలా తక్కువ.

హ్యాకింగ్ అంటే అదీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు "అకౌంటు హ్యాక్ చేసేశారు" అంటూ స్టేషన్ మెట్లెక్కే వాళ్ల గోడులో అంత నైపుణ్యం అరుదుగా కనిపిస్తుంది. ఎవరో ఫోన్ చేశారు, మంచిగా మాట్లాడారు, నమ్మించారు, డబ్బు వేయించుకున్నారు. కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో దేశ ప్రజలు 2023లో 7,465 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు! హ్యాకర్ల తెలివి ఏడాదిలో మూడింతలు పెరగదు. ఫోన్ చెవికి పెట్టుకుని రోజంతా మాట్లాడే మనుషుల్ని, డబ్బు దించుకోవడానికి అద్దెకు దొరికే బ్యాంకు ఖాతాల్ని పెంచుకోవడం మాత్రం తేలిక. ఇది కూలీల మీద నడిచే పరిశ్రమ. ఆ కూలీలు, ఆ ఖాతాలు, చివరికి మోసపోయేవాళ్లు కూడా ఒకే రకం ఊళ్ల నుంచి వస్తున్నారు. వలసలకు పేరుపడ్డ శ్రీకాకుళం అలాంటి ప్రాంతాల్లో ఒకటి. ఇది గుర్తించకుండా "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని ఎంత మొత్తుకున్నా ఒరిగేది కొంతే.

ముందు ఈ జిల్లాలు ఇంటర్నెట్ మీద ఎంతగా ఆధారపడ్డాయో చూడాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల సంగతి కాదిది, రోజు గడిచే సంగతి. రేషన్ డిపోలో వేలిముద్ర పడితేనే బియ్యం. ఉపాధి హామీ కూలి ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే వస్తుంది. 2024 జనవరి 1 నుంచి వేరే దారి లేదు. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే పింఛనుకైనా సచివాలయం ఉద్యోగి చేతిలోని పరికరం అవ్వను గుర్తుపట్టాలి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకీ వచ్చేశాయి. ఇక వలస ఇళ్లలో ఫోనే సమస్తం. వజ్రపుకొత్తూరు, గార తీరాల నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు పడవల మీద పనికి వెళ్లిన మత్స్యకారుడు, ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెల్డింగు పనికి వెళ్లినవాడు ఇంటితో మాట్లాడేది వాట్సాప్‌లో, డబ్బు పంపేది ఖాతాకు. ఇంట్లో ఆ డబ్బు తీసేది భార్యో తల్లో. ఆ ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు తరచుగా కొడుకుదో మరిదిదో అయి ఉంటుంది. ఈ చిన్న వివరం తర్వాత పెద్దదవుతుంది.

ఆధారం ఎంత గట్టిదో అది తెగినప్పుడే తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. ఖాతాలో డబ్బున్నా ఏటీఎం పనిచేయదు, గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంటివాళ్లు బతికున్నారో లేదో తెలియదు. అది గాలివాన తెచ్చిన కష్టం. 2024 జులై 31న ఏ గాలీ వీయకుండానే దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకులకు ఇలాంటి దెబ్బే తగిలింది. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సి-ఎడ్జ్ అనే సంస్థకు రాన్సమ్‌వేర్ సోకడంతో, మిగతా వ్యవస్థకు అంటుకోకుండా యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దాన్ని చెల్లింపుల నుంచి వేరు చేసింది. ఆ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ నిలిచిపోయింది. మర్నాటికి చక్కబడింది కనుక పెద్దగా ఎవరికీ గుర్తులేదు. కానీ దాడి జరిగిన కంపెనీ పేరు ఆ 300 బ్యాంకుల ఖాతాదారుల్లో ఎంతమంది అంతకుముందు విని ఉంటారు? మారుమూల ఊరి పొదుపు ఖాతా ఏ నగరంలోని సర్వర్ మీద నిలబడి ఉందో ఖాతాదారుకు తెలియదు, తెలుసుకునే అవసరమూ ఉండకూడదు. అతని తరఫున జాగ్రత్త పడటానికే బ్యాంకు ఉంది.

ఆచరణలో జాగ్రత్త బరువంతా దిగుతూ దిగుతూ చివరి మనిషి మీద పడుతోంది. పలాస దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలో గింజ కొట్టి పప్పు తీసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. జీడి గింజ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిదో ఆముదమో రాసుకున్నా ఏళ్ల తరబడి చేస్తే వేళ్ల కొసలు నల్లబడి, గీతలు అరిగిపోతాయి. వేలిముద్రే సంతకమైన కాలంలో ఆ వేళ్లే వాళ్ల బ్యాంకు తాళాలు.

ఇప్పుడు బ్యాంకుమిత్ర, అంటే ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు దగ్గరికి రండి. చిన్న కొట్టు, ఒక ల్యాప్‌టాప్ లేదా ఫోన్, వైరుకు వేలాడే వేలిముద్ర యంత్రం. ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే పదివేల వరకు చేతికి వస్తుంది. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. చదువురానివాళ్లకు, ఏటీఎం లేని ఊళ్లకు ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు, కాదనలేం. ముద్ర అరిగిన మనిషి వచ్చినప్పుడే చిక్కు. "పడలేదమ్మా, మళ్లీ పెట్టు", "తుడిచి పెట్టు", "ఈ వేలు కాదు, పక్క వేలు". నాలుగైదుసార్లు నొక్కాక డబ్బు వస్తుంది, లేదా "ఈరోజు సర్వర్ లేదు, రేపు రా" అనే మాట వస్తుంది. ఆ నాలుగైదింటిలో ఒకటి ముందే పడిపోయి, డబ్బు ఖాతాలోంచి వెళ్లిపోయి, పడలేదని చెప్పిన మనిషి జేబులో చేరితే ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? రసీదు ఇవ్వరు. ఎస్సెమ్మెస్ వెళ్లేది హైదరాబాదులో పనిచేసే కొడుకు ఫోన్‌కి. దేశంలో చాలాచోట్ల బయటపడ్డ మోసం ఇది. ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు. చాలామంది బ్యాంకుమిత్రలు నిజాయితీపరులే, చాలీచాలని కమీషన్ మీద నెట్టుకొస్తున్నవాళ్లే. కానీ పద్ధతిలోనే ఇంత సందు ఉంచి, దాన్ని పూడ్చే భారం వేలు అరిగిన మనిషి మీద పెట్టడం ఏ రకం భద్రతో అర్థం కాదు.

వేలిముద్ర దొంగతనానికి మరో రూపం ఇంకా వింతది. భూమి అమ్మినవారు, కొన్నవారు రిజిస్ట్రేషన్ పత్రాల మీద వేలిముద్రలు వేస్తారు. ఆ పత్రాలు స్కానై ఆన్‌లైన్‌లో దొరికేవి. వాటి మీది ముద్రల్ని సిలికాన్ లాంటి పదార్థం మీదికి దించి, ఆధార్ నంబరుతో కలిపి, బ్యాంకుమిత్ర యంత్రం మీద నొక్కి డబ్బు తీసిన ముఠాల్ని తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు. తర్వాత ఆధార్ సంస్థ మెలకువ తెచ్చుకుంది. నొక్కింది బతికున్న వేలా, అచ్చా అని తేల్చే సాంకేతికతను 2023లో ప్రవేశపెట్టింది. ఆధార్‌లో వేలిముద్రను మనమే తాళం వేసుకునే సదుపాయమూ ఉంది. తాళం వేస్తే మాత్రం రేషన్ డిపోలోనూ వేలు పనిచేయదు. ప్రతిసారీ తెరిచి మూయాలి. ఇది చదువుకున్నవాడికి సరిపోయే సలహా.

మరి డబ్బు పోతే ఎవరిది? దీనికి రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజులు పడితే ఒక పరిమితి దాకా ఖాతాదారు భరించాలి. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోతే, అంటే రహస్య వివరాలు తనే చెప్పేస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా అతనిదే. చెప్పాక కూడా పోతే బ్యాంకుది. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకే అని కూడా అందులో స్పష్టంగా ఉంది. కాగితం మీద ఇది మంచి నియమం. కానీ ఓటీపీ చెప్పినా, యూపీఐ పిన్ నొక్కినా "మీరే కదా చేశారు" అన్న ఒక్క మాటతో కౌంటరు దగ్గర సంభాషణ ముగిసిపోతుంది. మోసపోయి పిన్ నొక్కడం, ఇష్టపడి పిన్ నొక్కడం కంప్యూటర్‌కు ఒకటే. ముఠాలు తాళాలు పగలగొట్టడం మానేసి, యజమాని చేతే తాళం తీయించడం నేర్చుకున్నాయంటే అందుకే. తాళం పగిలితే నష్టం బ్యాంకుది, యజమాని తీస్తే యజమానిది.

తీయించే పద్ధతులు నెలకొకటి మారతాయి. యూపీఐ కొత్తలో "డబ్బు రావాలంటే పిన్ నొక్కండి" అనేవారు. డబ్బు పంపడానికే పిన్, తీసుకోవడానికి అక్కర్లేదన్న సంగతి జనానికి ఎక్కడానికి ఏళ్లు పట్టింది. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే ఆ కలెక్ట్ రిక్వెస్టును 2025 అక్టోబరు నుంచి ఎన్‌పీసీఐ ఎత్తేసింది. ఆ పని అయిదేళ్ల ముందే చేసి ఉంటే ఎంతమంది డబ్బు మిగిలేదో! తర్వాత కేవైసీ, కరెంటు బిల్లు, పార్శిల్‌లో మత్తుమందులు, పోలీసులమంటూ వీడియో కాల్ ముందు నిర్బంధించి బెదిరించే డిజిటల్ అరెస్టు. భారతీయ చట్టాల్లో డిజిటల్ అరెస్టన్నదే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో చెప్పాల్సి వచ్చింది. అయినా విశ్రాంత ఉద్యోగులు గదిలో తలుపేసుకుని వీడియో కాల్ ముందు కూర్చుంటూనే ఉన్నారు. జీవితమంతా పోలీసు స్టేషన్ గడప తొక్కకుండా బతకడమే గౌరవమనుకున్న మనిషిని ఖాకీ చొక్కా ఎలా వణికిస్తుందో ముఠాలకు బాగా తెలుసు.

పల్లెల్లో ఈమధ్య ఎక్కువగా పనిచేస్తున్నది ఏపీకే, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు. వాట్సాప్ గ్రూపులో పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో ఒక ఫైలు వస్తుంది. పంపింది తెలిసినవాళ్ల నంబరే, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే చిక్కింది. నొక్కగానే "తెలియని యాప్, అనుమతించాలా" అని ఫోన్ ఒకసారి అడుగుతుంది. అనుమతిస్తే ఎస్సెమ్మెస్‌లు చదివే అధికారం అడుగుతుంది. అదీ ఇచ్చామంటే అక్కడి నుంచి ఓటీపీ మనం చెప్పక్కర్లేదు, దానంతటదే వెళ్లిపోతుంది. పథకాల డబ్బులు పడే రోజులు చూసుకుని ఈ ఫైళ్లు తిరుగుతాయి. "మీ పేరు జాబితాలో లేదు, ఇక్కడ చూసుకోండి" అంటే చూసుకోనివారు ఎవరు? ప్రభుత్వం నుంచి వచ్చే నిజమైన కబురూ అదే వాట్సాప్‌లో, అదే తెలుగులో వస్తున్నప్పుడు తేడా పట్టుకోమని అరవై ఏళ్ల రైతును అడగడం కొంచెం అన్యాయమే.

డబ్బు పోయిన తర్వాత కథ గంటల మీద నడుస్తుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరు అడిగి, డబ్బు చేరిన బ్యాంకుకు కబురు పంపుతారు. ఆ ఖాతాలో ఇంకా ఉంటే ఆపేస్తారు. అప్పటికే అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలకు చీలిపోయి ఉంటే వాటి వెంట పడతారు. మూడో వరుస దాటితే సాధారణంగా ఏటీఎంలో నోట్లుగానో, క్రిప్టోగానో మారిపోయి ఉంటుంది. వాటి వెనక ఇక బ్యాంకు పరిగెత్తలేదు. అందుకే మొదటి గంటే ముఖ్యం. ఆ గంటలో బాధితుడు చేసేది మామూలుగా ఏమిటంటే, ఇంట్లో చెప్పాలా వద్దా అని ఆలోచించడం. కొడుకు తిడతాడనీ, గల్ఫ్‌లో ఉన్న భర్తకు తెలిస్తే ఏమంటాడోననీ, ఊళ్లో నవ్వుతారనీ. పోయిన డబ్బులో ఎంత శాతం ఈ సిగ్గు వల్లే దొరకకుండా పోతోందో ఏ పార్లమెంటు లెక్కలోనూ రాదు.

ఆపేసిన డబ్బు వెంటనే చేతికి రాదు. పెద్ద మొత్తమైతే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. ఈలోగా ఆ డబ్బు దారిలో తగిలిన అమాయకుల ఖాతాలూ స్తంభిస్తాయి. పలాస బజారులో జీడిపప్పు అమ్మే వ్యాపారి దగ్గర ఎవడో రెండు కిలోలు కొని ఫోన్‌పే కొట్టాడనుకోండి. ఆ డబ్బు ఎక్కడో రాజస్థాన్‌లో మోసపోయినవాడిదయితే, అక్కడి పోలీసుల లేఖతో ఇక్కడ వ్యాపారి ఖాతా మొత్తం ఆగిపోవచ్చు. రెండు వేల రూపాయల అనుమానానికి రెండు లక్షల పెట్టుబడి నిలిచిపోతుంది. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలి తప్ప ఖాతా అంతా ఆపకూడదని కొన్ని హైకోర్టులు చెప్పాయి. ఆ తీర్పు ప్రతిని పట్టుకుని వేరే రాష్ట్రంలోని స్టేషన్‌ను ఒప్పించడం చిన్న వ్యాపారికి ఎంత పనో వేరే చెప్పక్కర్లేదు.

దర్యాప్తు కూడా ఇదే చిక్కులో ఉంది. ఐటీ చట్టం కింద నేరాల్ని దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్, లేదా ఆ పై స్థాయి అధికారి. బాధితురాలు టెక్కలిలో, సిమ్ ఇంకో రాష్ట్రంలో, ఖాతా మరో రాష్ట్రంలో, మాట్లాడిన మనిషి దేశంలోనే లేడు. వేరొకరిలా నటించి మోసగించడానికి వర్తించే ఆ చట్టం 66డి సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు, లక్ష వరకు జరిమానా. నలభై వేల రూపాయలు పోయిన కేసులో బృందాన్ని మూడు రాష్ట్రాలు తిప్పే స్తోమత ఏ స్టేషన్‌కూ ఉండదు. ముఠాలు ఈ లెక్క కూడా వేసుకునే ఉంటాయి.

ఇక అద్దె ఖాతాలు. మోసం డబ్బు దిగాలంటే ఎవరి పేరుతోనో ఖాతా కావాలి. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న కుర్రాడి దగ్గరికి స్నేహితుడి స్నేహితుడు వస్తాడు. ఖాతా తెరిచి పాసుబుక్కు, ఏటీఎం కార్డు, ఆ నంబరు ఉన్న సిమ్ ఇచ్చేస్తే కొన్ని వేలు. "ఆన్‌లైన్ గేమింగ్ డబ్బు, నీకేం కాదు" అంటారు. కాస్త తెలివైనవాళ్లయితే లేని దుకాణం పేరుతో వ్యాపారులకిచ్చే కరెంట్ అకౌంటు తెరిపిస్తారు, అందులో పరిమితులు ఎక్కువ కనుక. పోలీసులు వచ్చినప్పుడు దొరికే మొదటి పేరు ఇతనిదే. చాలాసార్లు చివరి పేరూ ఇతనిదే. ఖాతా తెరిచిన నెలలోనే అందులో లక్షలు వచ్చిపోతుంటే అడగని బ్యాంకు శాఖను ఎవరు అడగాలన్నది మాత్రం కేసు కాగితాల్లో కనిపించదు. ఇలాంటి ఖాతాల్ని పసిగట్టడానికి రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ మ్యూల్‌హంటర్ అనే కృత్రిమ మేధ సాధనాన్ని తయారుచేసింది. బ్యాంకులన్నీ దాన్ని మనసుపెట్టి వాడితే, ఫోన్ ఎత్తిన ప్రతిసారీ వినిపించిన హెచ్చరిక ట్యూన్ కన్నా వందరెట్లు మేలు చేస్తుంది. 2024 చివరి నుంచి కొన్ని నెలలు మోగిన ఆ ట్యూన్ గుర్తుంది కదా, అర్జంటుగా డాక్టరుకు ఫోన్ చేసినా ముందు అది విని తీరాల్సిందే.

ఈ పరిశ్రమలో మాట్లాడే కూలీలు ఎక్కడి నుంచి వచ్చారో 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, మనిషికి లక్షన్నర దాకా తీసుకుని, నిరుద్యోగుల్ని కంబోడియాకు చేరవేసిన ఏజెంట్లను అరెస్టు చేశారు. వెళ్లినవాళ్లలో విశాఖతో పాటు శ్రీకాకుళం జిల్లావాళ్లూ ఉన్నారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టులు లాక్కున్నారు, ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, ఎవరితో ఏం మాట్లాడాలో రాసిచ్చి నేర్పించారు. టార్గెట్ చేరకపోతే జీతంలో కోత, చీకటి గదిలో నిర్బంధం, తిండి బంద్. అదే నెలలో సిహనూక్‌విల్ అనే రేవు పట్టణంలో వందలాది భారతీయులు తిరగబడ్డారు. రాయబార కార్యాలయం జోక్యంతో విడతలవారీగా ఇళ్లకు చేరారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో వేసిన అంచనా ప్రకారం ఇలాంటి కేంద్రాల్లో బలవంతంగా పనిచేస్తున్నవాళ్లు కంబోడియాలో లక్ష మంది, మయన్మార్‌లో లక్షా ఇరవై వేల మంది. చైనీయుల నుంచి ఆఫ్రికన్ల దాకా అందరూ ఉన్నారు. భారతీయుల్ని దోచడానికి భారతీయులే కావాలి, తెలుగువాళ్లను దోచడానికి తెలుగు వచ్చినవాళ్లు.

ఈ చివరి మాట ఉద్దానం లాంటి ప్రాంతాలకు చాలా ముఖ్యం. ఒకప్పుడు జార్ఖండ్‌లోని జామ్‌తాడా నుంచి వచ్చే మోసపు ఫోన్లు హిందీలో వచ్చేవి. హిందీ రాకపోవడమే మన పల్లెలకు పెద్ద కవచం. "ఏటి బాబూ, అర్థం కాటంలేదు" అని పెట్టేస్తే సరిపోయేది. ఇప్పుడు అవతలి గొంతు మన తెలుగే మాట్లాడుతోంది, మన పథకాల పేర్లు తెలుసు, సచివాలయం అంటే ఏంటో తెలుసు. ఆ గొంతు వెనక ఉన్నవాడు కూడా ఇలాంటి ఊరివాడే కావచ్చు, వాడి వెనక ఎవరో నిలబడి ఉండవచ్చు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు చట్టం ఎంతో కొంత అండ ఇస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, పనివాడి నుంచి 30 వేల రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోకూడదు. పదో తరగతి పాస్ కానివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సౌదీ, కువైట్, ఖతర్ ఆ జాబితాలో ఉన్నాయి. కంబోడియా లేదు. పైగా కంబోడియాకు తీసుకెళ్లింది డిగ్రీలు, డిప్లొమాలు ఉన్నవాళ్లను. వాళ్లకు ఏ దేశానికైనా ఆ అనుమతి అక్కర్లేదు. సందర్శక వీసా మీద విమానం ఎక్కితే అడిగేవారే లేరు. చదువుకోని వెల్డర్ కోసం కట్టిన కంచె చదువుకున్న నిరుద్యోగిని కాపాడలేదు. 

తిరిగొచ్చినవాళ్ల పరిస్థితి చట్టం దృష్టిలో ఇంకా తేలలేదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం మనిషిని మోసపుచ్చి తరలించి దోపిడీకి గురిచేయడం నేరం. తరలింపుకు గురైనవాడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఆ లెక్కన వీళ్లు బాధితులు. కానీ వీళ్లు చేసిన ఫోన్ల వల్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వేర్వేరు రాష్ట్రాల్లో కేసులు పెట్టి ఉన్నారు. అక్కడి దర్యాప్తు అధికారికి వీళ్లు అనుమానితులు. కొందరు మొదట తెలియక వెళ్లి, తర్వాత కమీషన్ రుచి మరిగి, ఇంకో పదిమందిని రప్పించి ఏజెంట్లయ్యారు. వాళ్లను ఏ వైపు వేయాలో ఇంకా కష్టం. ఊరికి వచ్చినవాడికి అప్పిచ్చినవాళ్లు మాత్రం గడువు ఇవ్వరు. ఏజెంటుకు కట్టిన లక్షన్నర తిరిగి రావాలంటే ఆ కేసు విచారణ పూర్తి కావాలి, అతని ఖాతాల్లో పోలీసులు ఆపిన డబ్బు ఏమైనా మిగిలి ఉంటే దాని మీద కోర్టు ఉత్తర్వు రావాలి. ఆ వరుసలో ఏజెంటు చేతిలో మోసపోయిన కుర్రాడూ, ఆ కుర్రాడి ఫోన్‌కు డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు.